సొంత ఆస్తి లేని లోకంలో స్వార్థం: 'ద డిస్పొసెస్డ్' నవల సమీక్ష

ఆదర్శ సమాజాలను ఊహించి రాసిన పుస్తకాలు చదివేవారిని ఒక సందేహం మొదటి పేజీ నుంచీ వెంటాడుతుంది. జీతం లేకుండా, సొంతమని చెప్పుకునేందుకు ఏమీ మిగలకుండా, ఎవరు మాత్రం ఎందుకు పనిచేస్తారు? థామస్ మోర్ 1516లో వెలువరించిన 'యుటోపియా'లోనే ఈ ప్రశ్న సూటిగా వినిపిస్తుంది. అక్కడ దానికి దొరికే జవాబు రోజుకు ఆరు గంటల పని, ఎవరూ ఊరికే కూర్చోకుండా కనిపెట్టి ఉండే అధికారులు. ఉర్సులా కె. లె గ్విన్ 1974లో ప్రచురించిన 'ద డిస్పొసెస్డ్' ఆ దారి పట్టలేదు. ఆమె ఊహించిన సమాజంలో చట్టం లేదు, పోలీసులు లేరు, జైలు లేదు, డబ్బు లేదు. అయినా జనం పనిచేస్తారు, ఎందుకంటే ఏ పనీ లేకుండా ఉండటం మనిషి ఎక్కువకాలం భరించలేనిది, పైగా చేతనైన పనిని పదిమంది మెచ్చేలా చేయడంలో తృప్తి ఉంది. పాత ప్రశ్నను ఇలా తేలిగ్గా దాటేసి రచయిత్రి అసలు కష్టమైన ప్రశ్న దగ్గరికి వస్తారు. సాయం చేస్తే తన కడుపు మాడుతుందని తెలిసినప్పుడు, ముక్కూ మొహం తెలియనివారికి మనిషి సాయపడతాడా? ఈ ప్రశ్నకు ఆమె వెతికిన సమాధానంలోని నిజాయితీ కోసమే ఈ నవలను తప్పక చదవాలని నేను గట్టిగా చెబుతాను.

కథ జరిగేది జంట లోకాల్లో. ఉర్రాస్ నీళ్లూ అడవులూ సంపదా ఉన్న గ్రహం. దాని ఆకాశంలో చందమామలా కనిపించే అనారెస్ దుమ్ము నేల, వానలు అంతంతమాత్రం. ఓడో అనే ఆలోచనాపరురాలి రచనలు చదివి తిరగబడిన లక్షలాది మందికి ఉర్రాస్ పాలకులు ఆ ఎండునేలను అప్పగించి పంపేశారు. ఓడో మాత్రం ఆ నేల మీద అడుగుపెట్టకుండానే చనిపోయింది. కథాకాలానికి వారు అక్కడ స్థిరపడి ఒకటిన్నర శతాబ్దం దాటింది. అందరూ ఉమ్మడి భోజనశాలల్లో తింటారు, చాలామంది ఉమ్మడి వసతిగృహాల్లో పడుకుంటారు. ఏ ఊళ్లో ఏ పనికి మనుషులు కావాలో ఒక కేంద్ర కార్యాలయం జాబితా వేసి వెళ్లమని అడుగుతుందే తప్ప ఆజ్ఞాపించదు, వెళ్లనన్నవారిని శిక్షించే యంత్రాంగమూ లేదు. ఊళ్లోని మోటు పనులకు పదిరోజులకొకసారి అందరూ వంతులవారీగా చేయి వేస్తారు. ఇలాంటి చోట పుట్టిపెరిగిన షెవెక్ అనే భౌతికశాస్త్రవేత్త, తన సిద్ధాంతం సొంత సమాజంలో ఊపిరాడక, పూర్వీకులు విడిచివచ్చిన ఉర్రాస్‌కు బయలుదేరడంతో నవల మొదలవుతుంది. పదమూడు అధ్యాయాల్లో ఒకటి ఉర్రాస్‌లో, తరువాతిది అతని గతంలోని అనారెస్‌లో అన్నట్లుగా కథ నడుస్తుంది. మొదట్లో కాస్త తికమకగా అనిపించినా, ఈ అల్లిక వల్లనే రెండు లోకాలనూ పక్కపక్కన పెట్టి చూడగలుగుతాం.

అనారెస్ గురించి రచయిత్రి చూపే తొలి ఘట్టాల్లోనే ఆమె ఉద్దేశం స్పష్టంగా తెలుస్తుంది. శిశుగృహంలో కిటికీలోంచి నేల మీద నలుచదరంగా ఎండ పడుతూ ఉంటుంది. అందులో కూర్చున్న ఒక బక్కపలచని పసివాడి దగ్గరికి మరో బొద్దు పిల్లవాడు వచ్చి అదే ఎండలో చతికిలబడతాడు. బక్కవాడు వాణ్ణి తోసేసి, ఎండ నాదంటాడు. సంరక్షకురాలు వచ్చి, ఏదీ నీది కాదనీ, ఏదైనా వాడుకోవడానికీ పంచుకోవడానికేననీ, పంచుకోనివారు వాడుకోవడానికీ వీల్లేదనీ చెప్పి, ఆ పిల్లవాణ్ణి ఎత్తి ఎండకు అవతల కూర్చోబెడుతుంది. వాడు కోపంతో వణికిపోతూ ఏడుస్తాడు. బొద్దువాడు ఏమీ పట్టనట్లు ఎండలోనే ఉంటాడు. ఆ ఏడ్చిన పిల్లవాడే షెవెక్. ఈ చిన్న ఘట్టాన్ని నేను చాలాసేపు తలచుకుంటూ ఉండిపోయాను. ఇందులో నేర్పిన పాఠం మంచిదే. కాని దాన్ని నేర్పింది ఆ పిల్లవాడికంటే బలమైన చేతులు. పంచుకోవడమంటే ఏమిటో ఆ ఇద్దరు పిల్లల్లో ఏ ఒక్కరికీ అనుభవంలోకి రాలేదు, ఒకడికి పోగొట్టుకోవడం తెలిసింది, మరొకడికి దొరకడం తెలిసింది. నవల మిగతా భాగమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

పెద్దయ్యాక షెవెక్ అబ్బెనే అనే నగరంలోని పరిశోధన సంస్థకు వచ్చినప్పుడు మరో చిన్న విషయం అతన్ని ఇబ్బంది పెడుతుంది. అక్కడి భోజనశాలలో ప్రతి రాత్రీ తీపి వడ్డిస్తారు. అతను అంతకుముందు తిన్న చోట్ల అది పదిరోజుల్లో ఒకటి రెండుసార్లు వస్తే గొప్ప. శాస్త్రవేత్తలకు రోజూ ఎందుకు? ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ లంచమివ్వలేదు, ఎవరో ఎక్కడో ఒక సర్దుబాటు చేశారు, అది అలవాటైపోయింది. అసమానత చప్పుడు లేకుండా చొరబడే తీరును ఇంతకంటే సూక్ష్మంగా చూపించిన రచన నేను చదవలేదు.

చప్పుడు చేసే అసమానత సాబుల్ రూపంలో వస్తుంది. ఈ పాత్రను ఎవరూ మరిచిపోకూడదని నా కోరిక. సాబుల్ షెవెక్ కంటే పెద్దవాడైన శాస్త్రవేత్త. అనారెస్‌లో జీతాలూ బిరుదులూ లేవు కాబట్టి అతను డబ్బు కోసం పాకులాడే అవకాశమే లేదు. కాని ఏ పుస్తకం అచ్చుకు పోవాలో, ఉర్రాస్ శాస్త్రవేత్తలతో ఎవరు ఉత్తరాలు నడపాలో అతని చేతిలో ఉంది. ఉర్రాస్ భాష నేర్చుకోమని షెవెక్‌కు చెబుతాడు, నేర్చుకున్న సంగతి బయట చెప్పవద్దనీ అంటాడు. తెలిసినవారు పెరిగితే తన పలుకుబడి తరుగుతుందన్నది దాని వెనక ఉన్న లెక్క. చివరికి షెవెక్ రాసిన ప్రధాన గ్రంథం అచ్చుకావాలంటే సాబుల్ పేరు కూడా సహరచయితగా ఉండాలని తేలుతుంది. పుస్తకం వెలుగు చూడటమే ముఖ్యమన్న ఆలోచనతో సహచరి టాక్వెర్ షెవెక్‌ను ఒప్పిస్తుంది. సొంత ఆస్తిని రద్దుచేస్తే స్వార్థం ఆధారం లేక కూలిపోతుందని నమ్మేవారు ఈ అధ్యాయాలను జాగ్రత్తగా చదవాలి. దాచుకోవడానికి డబ్బు లేకపోతే మనిషి పేరును దాచుకుంటాడు, భూమి లేకపోతే కుర్చీని, కుర్చీ కూడా లేకపోతే ఎదుటివాడి దారికి అడ్డంగా నిలబడే చోటును. అయితే సాబుల్‌ను చూపించి అనారెస్ ప్రయత్నమే వ్యర్థమని రచయిత్రి తీర్మానించరు. సాబుల్‌కు ఎంత పలుకుబడి ఉన్నా షెవెక్ కడుపు మాడ్చలేడు, పైకప్పు లాక్కోలేడు, అతన్ని పనిలోంచి తప్పించగలడు గాని ఆకలికి గురిచేయలేడు. స్వార్థం పూర్తిగా పోలేదు కాని దాని కోరలు పొట్టివయ్యాయి. ఈ తేడాను తక్కువ చేసి చూడటం అన్యాయం.

ఇక కరువు అధ్యాయాలు. నవలకు గుండెకాయ ఇదే. మొదటి కరువు రోజుల్లో జనంలో ఒక విచిత్రమైన ఉత్సాహం కనిపిస్తుంది. పరస్పర సహాయం అనే మాట పాఠ్యపుస్తకంలోంచి లేచి వచ్చినట్లుంటుంది, కష్టంలో తమ బంధం తెగలేదని తెలిసి జనం సంతోషపడతారు. ఆ ఉత్సాహం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది రచయిత్రి అసలు అన్వేషణ. షెవెక్ ప్రయాణిస్తున్న రైలు దారిలో ఒక చిన్న ఊరి దగ్గర ఆగిపోతుంది. రైల్లో నాలుగువందల యాభై మంది, ఊళ్లోనూ నాలుగువందల యాభై మంది. ఈ అంకెల ఎంపికలోనే రచయిత్రి నేర్పంతా ఉంది. రైల్లో యాభై మందో వంద మందో ఉంటే ఆ ఊరివారు ఒక పూట రొట్టె కాల్చి పెట్టి ఉండేవారే. కాని తమతో సమానమైన సంఖ్యలో ఉన్నవారికి పెడితే తమకు కొన్ని రోజులపాటు ఏమీ మిగలదు. తరువాత వచ్చే ధాన్యపు బండి ఎప్పుడు వస్తుందో, అందులో ఎంత ఉంటుందో తెలియదు. సూత్రం ప్రకారం చూస్తే ఉన్నదాన్ని తొమ్మిదివందల మందీ కలిసి పంచుకుని అందరూ అర్ధాకలితో ఉండాలి. ఊరివారు ఏమీ పెట్టలేదు. ప్రయాణికులు అరవై గంటలు పస్తులున్నారు. రైలు కదిలి నూటయాభై మైళ్లు పోయాక, నిల్వలున్న ఒక స్టేషన్‌లో గాని వారికి అన్నం దొరకలేదు. షెవెక్‌కు జీవితంలో ఆకలి అంటే ఏమిటో తెలిసింది అక్కడే.

ఈ ఘట్టంలో దుర్మార్గులెవరూ లేరని గమనించాలి. ఊరివారు దాచుకున్నది లాభం కోసం కాదు, తమ పిల్లల కోసం. వారు తమ లెక్కలో తప్పు చేయలేదు కూడా. స్వార్థాన్ని అత్యాశగా, కొవ్వుగా, దురహంకారంగా చిత్రించి ఖండించడం సులువు. ఇక్కడ కనిపించే స్వార్థం భయం రూపంలో ఉంది, ఆ భయానికి తగిన కారణమూ ఉంది. అందుకే ఇది చదివినప్పుడు ఊరివారి మీద కోపం రాదు, మనం ఆ ఊళ్లో ఉంటే ఏం చేసి ఉండేవాళ్లమన్న ప్రశ్నే మనసును పట్టి పీడిస్తుంది.

కరువు ముదిరాక రచయిత్రి ఇంకా కఠినమైన చోటికి తీసుకువెళతారు. షెవెక్‌కు మిల్లుల దగ్గర రేషన్ జాబితాలు వేసే పని పడుతుంది. జబ్బుపడి పనిచేయలేనివారికి తక్కువ, పనిచేసేవారికి కాస్త ఎక్కువ. అంటే ఎవరు బతకాలో కాగితం మీద తేల్చడమే. అతను ఆ పని వదిలేసి వెళ్లిపోతాడు. కాని అతను వదిలేసినంత మాత్రాన జాబితాలు ఆగిపోలేదని, వాటిని వేయడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ దొరుకుతారని అతనికి తెలుసు. దారిలో కలిసిన ఒక డ్రైవర్ మరో సంగతి చెబుతాడు. ధాన్యంతో వస్తున్న బండికి ఆకలితో ఉన్న జనం అడ్డుపడితే, దాన్ని నడిపేవాడు ఆపకుండా వారి మీదుగానే పోనిచ్చాడు, ఎందుకంటే ఆ ధాన్యం కోసం ముందున్న ఊళ్లో వందలమంది ఎదురుచూస్తున్నారు. కొద్దిమందిని చంపి చాలామందిని బతికించడం పరస్పర సహాయమా, హత్యా? షెవెక్ దగ్గర జవాబు లేదు. నవల దగ్గరా లేదు, ఉన్నట్లు నటించనూ లేదు.

లె గ్విన్ ఆలోచనల వెనక రష్యన్ భూగోళ శాస్త్రవేత్త పీటర్ క్రొపోట్కిన్ ప్రభావం బలంగా ఉంది. జీవులన్నీ ఒకదానితో ఒకటి నిరంతరం పోరాడుకుంటాయన్న వాదానికి జవాబుగా ఆయన రాసిన వ్యాసాలు 1902లో 'మ్యూచువల్ ఎయిడ్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. 1860ల్లో సైబీరియాలో తిరిగినప్పుడు, మంచు తుపానుల మధ్య ఒకే జాతి జంతువులు తమలో తాము కొట్లాడుకోవడం కంటే ఒకదానికొకటి తోడుగా నిలవడమే తనకు ఎక్కువగా కనిపించిందని ఆయన సాక్ష్యం. అనారెస్ ఎడారి ఒక రకంగా ఆ సైబీరియాయే. కాని లె గ్విన్ గురువు మాటను అలాగే వల్లించలేదు. కష్టం కొంతవరకు మనుషులను కలుపుతుంది, ఒక హద్దు దాటాక విడదీస్తుంది అని ఆమె చూపిన తీరు నాకు క్రొపోట్కిన్ వాదం కంటే నమ్మదగినదిగా తోచింది. ఉమ్మడి వనరులను తరతరాలుగా కాపాడుకున్న నిజమైన సమాజాలను పరిశీలించి ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గుర్తుకొస్తుంది. ఆ కృషికే 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. అలా నిలిచిన చోట్ల ఉమ్మడి వనరుపై ఎవరికి హక్కుందో స్పష్టమైన ఎల్లలు ఉన్నాయి, నియమాలను వాడుకునేవారే చేసుకున్నారు, తప్పు చేసినవారికి తప్పు తీవ్రతను బట్టి పెరిగే శిక్షలున్నాయి. అనారెస్‌లో ఎల్ల అంటే లోకమంతా, శిక్ష అంటే ఏమీ లేదు. రేపు మళ్లీ ఎదురుపడే పొరుగువాడికి సాయపడటం ఒకటి, మళ్లీ ఎన్నడూ కనిపించని రైలు ప్రయాణికులకు సాయపడటం మరొకటి. ఆస్ట్రమ్ చెప్పిన ఆ లోటును లె గ్విన్ అంతకు పదహారేళ్ల ముందే ఒక ఆగిపోయిన రైలులో పట్టుకున్నారు.

చట్టం లేని చోట మనుషులను అదుపులో ఉంచేది నలుగురి నోరు. ఈ నవలలో నాకు అన్నిటికన్నా భయం కలిగించింది ఇదే. షెవెక్, టాక్వెర్ కరువు కాలంలో వేర్వేరు చోట్లకు పనికి వెళ్లి నాలుగేళ్లు ఒకరికొకరు దూరంగా ఉంటారు. వెళ్లమని ఎవరూ బలవంతం చేయలేదు. కాదంటే సోమరులని, స్వార్థపరులని అంటారేమోనన్న జంకు చాలు. సాయపడుతున్నామనుకుంటూ నిజానికి లోబడుతున్నామని, పొరుగువాడి అభిప్రాయానికి జడిసినంతగా తమ స్వేచ్ఛను గౌరవించడం లేదని షెవెక్‌కు అర్థమయ్యేసరికి చాలా కాలం గడిచిపోతుంది. అతని మిత్రుడు టిరిన్ ఒక వెక్కిరింత నాటకం రాసినందుకు అందరి మందలింపులకూ గురై, మతి చెడి, చికిత్సాలయం పాలవుతాడు. షెవెక్, మరో మిత్రుడు బెడాప్ తదితరులు సొంతంగా అచ్చుయంత్రం పెట్టుకుని ఉర్రాస్‌తో ఉత్తరాలు నడిపినప్పుడు ద్రోహులన్న ముద్ర పడుతుంది. షెవెక్ కూతురు సాదిక్‌ను వసతిగృహంలో తోటిపిల్లలు దూరం పెడతారు. ఆ పిల్ల ఈ రాత్రికి మీ దగ్గరే పడుకోనా అని అడిగి ఏడ్చే ఘట్టం చదివాక, చట్టం చేతిలో లేకపోయినా సమాజం ఎంత క్రూరంగా ఉండగలదో వేరే చెప్పనక్కరలేదు. పరస్పర సహాయం తప్పనిసరి ఆచారంగా మారిన మరుక్షణం అది సహాయం కాకుండా పోతుందన్నది లె గ్విన్ అభిప్రాయమని నేను అనుకుంటున్నాను, దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

అయితే మరి నిజమైన సహాయానికి పునాది ఏమిటి? దీనికి నవలలో దొరికే జవాబు కుర్రకారు మాటల మధ్య వస్తుంది. ప్రమాదంలో ఒళ్లంతా కాలిపోయిన ఒక మనిషి పక్కన కూర్చున్న అనుభవాన్ని షెవెక్ స్నేహితులకు చెబుతాడు. మందు లేదు, ఓదార్పుగా తాకినా నొప్పే. అతనికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. సోదరభావం మొదలయ్యేది అక్కడేనని, పంచుకున్న బాధలోనని షెవెక్ అంటాడు. ఇచ్చిపుచ్చుకోవడాల లెక్కలు అక్కడ పనిచేయవు, ఎందుకంటే ఇవ్వడానికి ఏమీ లేదు. ఈ మాట నన్ను బాగా కదిలించింది. లాభం చూపించి పరస్పర సహాయాన్ని సమర్థించే వాదాలు చాలానే ఉన్నాయి, కాని అవన్నీ చివరికి దూరదృష్టి గల స్వార్థం దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఉర్రాస్ అధ్యాయాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సిద్ధాంతాన్ని సొంతం చేసుకోవాలని చూసే ప్రభుత్వం, మర్యాద మాటున పోటీపడే పండితులు, సేవకుడు ఎఫోర్ నోట వినిపించే పేదల బతుకు, తుపాకులతో అణచివేసిన ప్రదర్శన, అన్నీ చక్కగానే రాశారు. కాని ఇక్కడ రచయిత్రి మొగ్గు ముందే తెలిసిపోతుంది. అనారెస్‌ను చూసినంత నిశితంగా ఆమె ఉర్రాస్‌ను చూడలేదు.

నవలలో లోపాలు ఇంకా ఉన్నాయి. షెవెక్ అసాధారణ ప్రతిభావంతుడు కావడంతో సమాజానికీ వ్యక్తికీ మధ్య తగవు అతని పక్షానే తేలుతుంది. అతని పట్టుదల లోకానికంతా ఉపయోగపడే సిద్ధాంతాన్ని ఇచ్చింది కాబట్టి దాన్ని స్వార్థమని ఎవరూ అనలేరు. సాలస్ అనే సంగీతకారుడు కూడా ఉన్నాడు. అతని బాణీలు సంగీత సంఘానికి నచ్చవు, వాటిని ఎవరూ వాయించరు. అతని సంగీతం గొప్పదో కాదో మనకు తెలియదు, అందుకే అతని విషయంలో ప్రశ్న నిజంగా చిక్కుగా ఉండేది. కాని అతనికి దక్కింది కొద్ది పేజీలే. మత్తులో ఉన్న షెవెక్ ఉర్రాస్‌లో వేయా అనే స్త్రీపై బలవంతానికి దిగిన ఘట్టాన్ని కూడా నవల సరిగ్గా ఎదుర్కోకుండా ముందుకు సాగిపోతుంది. ఎదుటి మనిషి సమ్మతి మీదే నిలబడిన సమాజం నుంచి వచ్చినవాడు చేసిన పని అది, దానికి జవాబు చెప్పకుండా వదిలేయడం పెద్ద లోపమని నా అభిప్రాయం.

అయినా ముగింపు అధ్యాయం బలంగా ఉంది. షెవెక్ తన సిద్ధాంతాన్ని ఏ ఒక్కరికీ అమ్మకుండా అన్ని లోకాలకూ ఒకేసారి ఇచ్చేసి ఇంటికి తిరుగుప్రయాణం కడతాడు. అతన్ని తీసుకువస్తున్న నౌకలోని కేథో అనే అధికారి తానూ అనారెస్‌లో దిగుతానంటాడు. కేథో జాతి ఎన్నో వేల ఏళ్ల చరిత్ర గలది, అన్ని రకాల సమాజాలనూ ప్రయత్నించి చూసింది, ఇలాంటిది కూడా. కాని తాను ఇంకా ప్రయత్నించలేదు కదా అన్నది అతని వాదం. రేవులో తమ కోసం కోపంతో ఉన్న జనం ఎదురుచూస్తూ ఉండవచ్చనీ, దిగిన క్షణం నుంచీ అక్కడివారు అతనికీ, అతను అక్కడివారికీ బాధ్యులవుతారనీ షెవెక్ ముందే హెచ్చరిస్తాడు.

ఈ నవలకు వైజ్ఞానిక కల్పనా రచనలకిచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాలు రెండూ వచ్చాయి. వైజ్ఞానిక కల్పన అంటే ఆసక్తి లేనివారు కూడా దీన్ని నిశ్చింతగా చదవవచ్చు, యంత్రాల ప్రసక్తి తక్కువే. సహకార సంఘంలోనో, ఉమ్మడి వసతిలోనో, స్వచ్ఛంద సంస్థలోనో పనిచేసి, అందరికీ మంచి చేయాలన్న కోరికకూ ఒకరినొకరు అదుపు చేసుకోవాలన్న తపనకూ మధ్య నలిగినవారికి ఇది మరీ దగ్గరగా అనిపిస్తుంది. మొదటి రెండు అధ్యాయాలు నెమ్మదిగా నడుస్తాయి, అక్కడ పుస్తకం పక్కన పెట్టేయవద్దు. తీరిక తక్కువగా ఉన్నవారు కనీసం కరువు రోజుల కథ చెప్పే ఎనిమిది, పది అధ్యాయాల వరకైనా రావాలి.